బోనెక్కిన పూట

కోర్టులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్న 2008లో నన్ను నిజంగానే బాధపెట్టింది. సాక్షిగా బోనెక్కవలసి వచ్చింది. మా పిన్ని తరఫు ప్లీడరుగారి గుమాస్తా, ముప్పై ఏళ్లుగా సాక్షులను తీర్చిదిద్దుతున్నవాడు, నన్ను వరండాలో నిలబెట్టి పాఠం చెప్పాడు. "చేతులు కట్టుకోకండి. జేబులో పెట్టుకోకండి. బోను కర్ర పట్టుకుని వేలాడకండి. వెనక్కి పెట్టుకుంటే పోలీసులా ఉంటారు." మరి ఎక్కడ పెట్టుకోమంటావయ్యా అంటే, "ఆయ్, వదిలేయండి. వాటి మానాన అవే ఉంటాయి" అన్నాడు. చేతులు వాటి మానాన ఉండవని బోనెక్కితే గాని తెలియదు.

వ్యవహారం పెద్దదేమీ కాదు. కోనసీమలో ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరితోట. మా పిన్ని, అనగా మా అమ్మకు పినతల్లి కూతురు, చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని ఆయన మేనమామగారి ఇంట ఉండిపోయింది. ఆ ముసలాయనకు పిల్లలు లేరు. అన్నం పెట్టినదీ, మంచాన పడ్డాక అన్నీ చేసినదీ పిన్నే. 1996 నవంబరు తుఫానుకు తోటలో సగం చెట్లు నేలకూలాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆయన మిగిలిన తోటను పిన్ని పేర వీలునామా వ్రాశాడు. తెల్లకాగితం మీద, రిజిస్ట్రీ లేకుండా. అందులో తప్పేమీ లేదు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రీ తప్పనిసరీ కాదు. ఇద్దరు సాక్షుల చేవ్రాలు ఉండాలి, అంతే. ఆ ఇద్దరిలో ఒకరు మా నాన్నగారు.

ముసలాయన 1999లో పోయాడు. 2004లో ఆయన తమ్ముడి కొడుకులు తోట తమదన్నారు, వీలునామా దొంగదన్నారు. అప్పటికి నాన్నగారు పోయి మూడేళ్లు. రెండో సాక్షీ లేడు, కాగితం వ్రాసినవాడూ లేడు.

సాక్షులలో ఒక్కరు బ్రతికి ఉన్నా పిలిచి చెప్పించాలి. ఎవరూ లేనప్పుడు కనీసం ఒక సాక్షి సంతకం అతనిదేననీ, వీలునామా చేసినవాని సంతకం అతనిదేననీ, ఆ చేతివ్రాత ఎరిగినవారిచేత చెప్పించాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలోని పద్ధతి ఇది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది గాని, ఈ ముక్క మాత్రం అలాగే ఉంది. ముసలాయన సంతకం గురించి వేరొకరు చెప్పారు. నాన్నగారి సంతకం గురించి చెప్పవలసినవాణ్ణి నేను. వాది తరఫు మూడవ సాక్షిని.

నాన్నగారు బడిపంతులు. ఊళ్లో ఎవరు కాగితం వ్రాసుకున్నా కింద ఆయన సంతకం ఉండవలసిందే. 1996 మొదట్లో పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పింది. కొన్ని నెలలకు మళ్లీ కలం పట్టారు గాని, అక్షరం నిలిచేది కాదు. నేను 1992 నుండి హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగంలో ఉన్నాను. ఆయన ఉత్తరాలు అమ్మ చేత వ్రాయించి, చివర తన పేరు మాత్రం తానే పెట్టేవారు. ఆ పేరు పెట్టడానికి ఎంతసేపు పట్టేదో అమ్మ చెబితే విన్నాను. కళ్లతో చూడలేదు.

ఇక కోర్టు సంగతి. చదువరులలో ఆ మెట్లు ఎక్కనివారే ఎక్కువమంది ఉంటారు కనుక కాస్త వివరంగా చెబుతాను. మావాళ్లు ఇప్పటికీ మునసబు కోర్టనే పిలుస్తారు. కాగితాల మీద జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పదిన్నరకు కేసుల పిలుపు మొదలవుతుంది. బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరును మూడుమార్లు కేక వేస్తాడు. ఆ కేక వినిపించేంత దూరంలో ఉండటమే కోర్టు మర్యాదలలో మొదటిది. కాఫీకని ఎదురు హోటలుకు వెళ్లి తిరిగి వచ్చేసరికి, వాది అయితే దావా కొట్టివేయబడవచ్చు, ప్రతివాది అయితే అతడు లేకుండానే విచారణ సాగిపోవచ్చు. నేను చూస్తుండగానే ఒక రైతు పరుగెత్తుకొచ్చి, పొరపాటైంది బాబూ అని దండం పెట్టాడు. ఆనాటికి పని జరిగింది, కానీ అందరికీ అలా జరుగుతుందని చెప్పలేను.

హాలు గుమ్మం ముందు నాలుగైదు జతల చెప్పులున్నాయి. విప్పమని ఎవరూ చెప్పరు, అలాంటి నియమం ఏదీ లేదు. వయసు మళ్లినవారు గుడి ముందు విడిచినట్లు విడిచి లోపలికి పోతున్నారు. ఒక పెద్దాయన భుజం మీద కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. జమీందారుల ఎదుట అలా చేసేవారని విన్నాను. "ఫరవాలేదు, వేసుకోండి తాతగారూ" అని బంట్రోతే చెప్పాడు. ఆయన వేసుకోలేదు.

న్యాయమూర్తి వచ్చినప్పుడు లేచి నిలబడాలి. లోపల కాలు మీద కాలు వేసుకోరాదు, కిళ్లీ నమలరాదు, సెల్‌ఫోను మోగరాదు. ఇవి ఎవరైనా చెబుతారు. నాకు చిక్కు వచ్చినది సంబోధన దగ్గర. బల్లమీద ఉన్నది ముప్పై ఏళ్లయినా నిండనట్లున్న అమ్మాయి. మిలార్డ్ అనడం నాకు నోరు రాదు. అనవలసిన అవసరమూ లేదు. 2006లోనే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, మిలార్డ్, యువర్ లార్డ్‌షిప్ వంటివి వలస పాలన నాటి గుర్తులని చెప్పి, కింది కోర్టులలో సర్ అనో, దానికి సమానమైన ప్రాంతీయ భాషాపదమో వాడవచ్చునని తీర్మానించింది. మిలార్డ్ అనడం ఏనాడూ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు కూడా 2014లో చెప్పింది. ప్లీడర్ల నాలుకలకు మాత్రం ఆ వార్త ఇంకా పూర్తిగా చేరినట్లు లేదు. నేను "అమ్మా" అన్నాను. నాకన్నా పదిహేనేళ్లు చిన్నదానిని అమ్మా అనడంలో మన భాషకు ఏ ఇబ్బందీ లేదు.

భగవద్గీత మీద చేయి వేయిస్తారని సినిమాలు చూసినవారందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. గీత లేదు, ఏ గ్రంథమూ లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఉన్నది ఒక వాక్యం మాత్రమే: చెప్పబోయేది సత్యమని, పూర్తి సత్యమని, సత్యం తప్ప వేరొకటి కాదని. దైవసాక్షిగా అనవచ్చు, ఆత్మసాక్షిగానూ అనవచ్చు. బంట్రోతు రోజుకు ఎన్నిమార్లు చెప్పిస్తాడో, ఆ వాక్యం అతని నోట బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు చదివినట్లు సాగింది. అతని వెనకే నేనూ చదివాను. ఏ పదమూ నా చెవికి ఎక్కలేదు.

ఆ మొదటిరోజున నాకు పట్టిన సమయం పది నిమిషాలు. పూర్వం సాక్షిని అతని తరఫు ప్లీడరే బోనులో ప్రశ్నలడిగి కథంతా చెప్పించేవాడు. 2002 జూలై 1 నుండి సివిల్ దావాలలో ఆ పద్ధతి పోయి, సాక్షి చెప్పవలసినదంతా ముందే ప్రమాణపత్రంగా వ్రాసి దాఖలు చేయడం వచ్చింది. కోర్టు సమయం కలిసివస్తుందని చేసిన మార్పు. కలిసివచ్చే ఉంటుంది. కానీ సాక్షి నోట పుట్టవలసిన మాట గుమాస్తా కంప్యూటరులో పుడుతోంది. నా ప్రమాణపత్రం ఇంగ్లీషులో నాలుగు పుటలు. పిలుపుకు పావుగంట ముందు నా చేతికి వచ్చింది. మొదటి రెండు పుటలు చదివాను: నా పేరు, వయసు, ఉద్యోగం, నాన్నగారి వివరాలు. మిగిలిన రెండూ కంటితో తడిమి, వరుసగా నాలుగు సంతకాలు పెట్టాను. నా ధ్యాసంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న దాని మీదే ఉంది.

బ్యాంకులో ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ణి. చదవకుండా సంతకం పెట్టవద్దని రోజుకు పదిమందికి చెప్పేవాణ్ణి.

ప్రతివాదుల ప్లీడరు ప్రశ్నలడిగే రోజు మూడు వారాల తరువాతకు పడింది. ముందటి రాత్రి బస్సులో, సూర్యాపేట దాటాక నిద్రపట్టక, నా నకలు తీసి చదివాను. మూడవ పుటలో ఒక వాక్యం ఉంది. వీలునామా వ్రాసిన సమయమున నేను కూడా అచట ఉంటిననీ, నా తండ్రి నా కన్నుల ఎదుట సంతకము చేసెననీ దాని సారం. బస్సు దీపాలు ఆర్పేశారు. ఆ చీకట్లో కూర్చుని 1997 ఫిబ్రవరిలో నేను ఎక్కడున్నానో లెక్క వేసుకున్నాను. లెక్క అక్కరలేదు. హైదరాబాదులోనే ఉన్నాను. సంక్రాంతికి వెళ్లి వచ్చాక మళ్లీ వేసవి దాకా ఊరికి వెళ్లలేదు.

పొద్దున్నే ప్లీడరుగారి ఇంటికి వెళ్లి చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. పిన్ని దగ్గర ఫీజు సగమే తీసుకున్నాడు. కాగితం చూసి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, "గట్టిగా ఉంటుందని మా కుర్రవాడు వేసి ఉంటాడు" అన్నాడు. తీసేయలేమా అని అడిగాను. "ఇప్పుడు కదిపితే మొత్తం కూలుతుందండి. ఆయన అడగకపోవచ్చు. అడిగినదానికే బదులు చెప్పండి. అడగనిది చెప్పకండి."

అడిగినదానికే బదులు. కోర్టుకు వెళ్లేవారికి ఎవరైనా మొదట చెప్పే మాట ఇదే, అది మంచి మాటే. సాక్షి ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదు. ఎక్కువ మాట్లాడినవాడు తన మాటల్లో తానే కాలు తగిలి పడతాడు. ఆ పొద్దున మాత్రం ఆ నియమం నాకు నియమంలా వినిపించలేదు, దాక్కోవడానికి చూపించిన గదిలా అనిపించింది. అందులో దూరాలనే నిశ్చయించుకున్నాను కూడా. దాచడమెందుకు, పిన్ని వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. ఆ తోట తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. పైగా ప్రమాణం మీద అబద్ధం చెప్పినవారికి ఏడేళ్ల వరకు శిక్ష ఉందన్న సంగతి కూడా నాకు తెలుసు. ఒప్పుకుంటే పిన్నికి నష్టం, నాకు భయం. ఒప్పుకోకపోతే ఎవరికీ తెలియదు.

బోనులో నిలబడ్డాను. ప్రశ్న ప్లీడరు అడిగినా జవాబు న్యాయమూర్తి వైపు తిరిగి చెప్పాలి. నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగు జవాబును ఆమె ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే పక్కన టైపిస్టు కొడుతూ ఉంటుంది. టైపు చప్పుడు ఆగేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ఆగడం చాలా కష్టం. నిశ్శబ్దం ఉంటే దానిని ఏదో ఒక మాటతో నింపాలనిపిస్తుంది. నా చేతులు వాటంతటవే ఛాతీ మీదకు చేరాయి. గుమాస్తా దూరం నుంచి సైగ చేశాడు. దింపాను. నిమిషంలో మళ్లీ అక్కడికే చేరాయి.

ప్రతివాదుల ప్లీడరు పెద్దమనిషి, గొంతు పెంచనివాడు. సినిమాల్లో చూసే కేకలూ బల్ల గుద్దడాలూ ఆ గదిలో ఎవరూ ఎరుగరు. "పక్షవాతం తరువాత మీ నాన్నగారు సంతకం చేస్తుండగా మీరు ఎన్నడైనా చూశారా?" అని మాత్రం అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. ఆయన అది అడగలేదు. వాది నాకు ఏమవుతుంది, ఎన్నాళ్లకొకసారి ఊరికి వస్తాను, నాన్నగారు ఎప్పుడు పోయారు, ఇవే అడిగాడు. తరువాత పుట తిప్పి సజెషన్లు మొదలుపెట్టాడు.

సజెషన్లంటే తెలియనివారికి: విచారణ చివర ఎదుటి ప్లీడరు తన పక్షం వాదనను ఒక్కొక్క ముక్కగా సాక్షి ముందు పెడతాడు. వాది మీ బంధువు కనుక అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారంటాను. సాక్షి నిజం కాదంటాడు. ఈ వీలునామా తరువాత పుట్టించినదంటాను. నిజం కాదు. అడిగేవాడికీ చెప్పేవాడికీ వ్రాసేవాడికీ ముందే తెలిసిన జవాబు. టైపిస్టు కూడా జవాబు రాకముందే కొట్టడం మొదలుపెడుతుంది. వాక్యానికి వాక్యం, దంపుళ్ల పాటలా లయ కుదిరిపోతుంది. నేనూ ఆ లయలో పడ్డాను. నిజం కాదు. నిజం కాదు. నిజం కాదు.

"వీలునామా వ్రాసినట్లు చెబుతున్న సమయంలో మీరు అక్కడ లేరంటాను."

"నిజమే" అన్నాను.

ఏ ధైర్యమూ చేసి అన్నది కాదు. ఆ మాట మీదకు "నిజం కాదు" రాలేదు, అంతే. ప్లీడరు వినలేదు. తరువాతి సజెషన్ సగం చదివేశాడు కూడా. టైపిస్టు కొట్టేసింది. న్యాయమూర్తి ఒక్కతే చేయి ఎత్తి ఆపింది.

"ఏమన్నారు?"

"నేను అక్కడ లేనమ్మా. హైదరాబాదులో ఉన్నాను."

"మరి మీ ప్రమాణపత్రంలో ఉన్నారని ఉందే?"

మా ప్లీడరుగారు బల్లమీద కాగితాల వైపు చూస్తున్నారు. ఆయన కుర్రవాడు వ్రాశాడని చెప్పవచ్చు. అది సత్యమే. కానీ పూర్తి సత్యం కాదు, సంతకం నాది. "చదవకుండా సంతకం చేశానమ్మా. తప్పు నాది" అన్నాను. గది అంతా అలాగే ఉంది, ఎవరూ ఉలిక్కిపడలేదు. వెనుక బెంచీ మీద ఎవరో దగ్గారు. న్యాయమూర్తి ముఖంలో కోపమూ లేదు, మెచ్చుకోలూ లేదు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించి, వీలునామా అసలు ప్రతి నా చేతికి ఇప్పించింది.

అంతవరకు నేను జిరాక్సు మాత్రమే చూశాను. అసలు కాగితం పసుపెక్కి, మడతల దగ్గర చిరుగుతోంది. కింద ఎడమపక్కన నాన్నగారి పేరు. ఇంటిపేరు పొడి అక్షరం దగ్గర కలం రెండుచోట్ల ఆగింది. ఆగినచోట సిరా చుక్కలు. చివరి అక్షరం కిందికి జారిపోయి, మళ్లీ పైకి లాగినట్లుంది.

"ఇది ఎవరి సంతకమో చెప్పగలరా?"

"మా నాన్నగారిది. జబ్బు చేశాక ఆయన సంతకం చేస్తుంటే నేను చూడలేదు. ఆ రోజుల్లో నాకు వచ్చిన ఉత్తరాల చివర పేరు ఇలాగే ఉండేది."

ప్రతివాదుల ప్లీడరుకు అప్పుడు మెలకువ వచ్చింది. ఆ తరువాత అరగంటసేపు నన్ను ఉతికి ఆరేశాడు. ఉత్తరాలు తెచ్చారా? తేలేదు. ఒక అబద్ధం ఒప్పుకున్నవారు రెండోది చెప్పరని నమ్మకమేమిటి? దానికి జవాబు లేదు. తెలియదన్నాను. తెలియదని చెప్పడం ఎంత సులువో ఆ అరగంటలో తెలిసింది. మొదటి తెలియదుకు గొంతు ఎండింది, అయిదో దానికి మంచినీళ్లు తాగినట్లుంది.

చివర టైపు చేసినదంతా చదివి వినిపించి, నన్ను సంతకం చేయమన్నారు. ఈసారి కాగితం నేను తీసుకుని చదివాను. బంట్రోతు విసుగుపడ్డాడు. వెనుక పిలుపు కోసం ఎదురుచూస్తున్నవారూ విసుగుపడే ఉంటారు. ఉత్తరాల మాట అందులో లేదు. నా తండ్రి సంతకమేనని మాత్రం ఉంది. "అమ్మా, ఉత్తరాలలో చూశానన్నాను, అది పడలేదు" అన్నాను. సంతకం పెట్టకముందు తప్పు సరిచేయమని అడిగే హక్కు సాక్షికి ఉంది. చాలామంది అడగరు, అదేదో ధిక్కారమనుకుంటారు. ఆమె చూసి, చేర్పించి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. అప్పుడు నేను పెట్టాను.

బయటికి వచ్చాక మా ప్లీడరుగారు నాతో మాట్లాడలేదు. గుమాస్తా మాత్రం "చేతులు దింపమని ఎన్నిసార్లు సైగ చేశానండీ" అన్నాడు. అతని బాధ అతనిది.

పిన్నికి ఇంగ్లీషు రాదు. లోపల జరిగినది సగమే తెలిసి ఉంటుంది, ఆ సగమూ ప్లీడరుగారి ముఖం చూసి తెలిసి ఉంటుంది. నేను చెప్పబోయాను. "తరువాత చెబుదువుగానిలే, బస్సు పోతుంది" అంది. స్టాండు దాకా నడిచి వచ్చి సోడా ఇప్పించింది. "లోపల అచ్చం మీ నాన్నలా నిలబడ్డావురా. ఇన్‌స్పెక్టరు బడికొచ్చినప్పుడు మీ నాన్న చేతులు అలాగే కట్టుకునేవాడు" అంది. తోట సంగతి ఎత్తలేదు. ఆ సోడా నేను సగమే తాగగలిగాను.

ఉత్తరాలు వెతికితే నాలుగు దొరికాయి, నీలిరంగు ఇన్‌లాండు కవర్లు. ప్లీడరుగారికి పంపాను. ఆయన దాఖలు చేశారు. అటువాళ్లు అభ్యంతరం చెప్పారు. వాయిదాలు పడ్డాయి, న్యాయమూర్తి బదిలీ అయింది. 2011లో ఇరువైపులా అలసిపోయి లోక్ అదాలత్‌లో రాజీకి వచ్చారు. చెరి అరవై సెంట్లు. నేను ఆ వాక్యం మీద నిజం కాదని ఉంటే పిన్నికి మొత్తం దక్కేదేమో. దక్కకపోయేదేమో కూడా. అరవై సెంట్ల లెక్క నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రిపూట గుర్తుకొస్తుంది.

రాజీ ముందురోజు పిన్ని పక్కింటివాళ్ల ఫోను నుంచి మాట్లాడింది. రేపు కాగితం మీద వేలిముద్ర వేయమంటున్నారంది. ప్లీడరుగారు మంచివారే, ఆయన చెప్పినట్లు చేయి అన్నాను.

"ఆయన చెబుతాడు, సరేలే. నువ్వొచ్చి ఆ కాగితం నాకు చదివి వినిపించు. నువ్వు చదివాకే వేస్తాను" అంది.

ఆ రాత్రి బస్సుకే బయలుదేరాను. లోక్ అదాలత్‌లో బోను లేదు. బల్ల చుట్టూ కుర్చీలు వేశారు. కాగితం ఇంగ్లీషులో రెండు పుటలు. పిన్ని పక్కన కూర్చుని ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పాను. హద్దుల దగ్గర మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. తూర్పున కాలువ గట్టని ఉండవలసినచోట పడమర అని పడింది. దిద్దించాం. అప్పుడు బొటనవేలు చాచింది.